బస్సవ్వ వెతికిన ఒక్క పేరు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి, ఆన్‌లైన్ మీటింగ్‌లో నా వంతు వచ్చేలోపు, ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. పక్కింటావిడ కూతురు పంపింది. "అమ్మ తెల్లవారుజామున వెళ్ళిపోయింది. నిద్రలోనే. ముందు నీకే చెప్పమని ఎప్పుడో అంది." అదే నిమిషంలో మీటింగ్‌లో ఎవరో నా పేరు పిలిచారు. "నో అప్‌డేట్స్ ఫ్రమ్ మై సైడ్" అన్నాను. అనేసి, మ్యూట్ నొక్కి, కిటికీలోంచి పక్కింటి వైపు చూశాను. వాళ్ళ డ్రైవ్‌వే నిండా మేపుల్ ఆకులు పడి ఉన్నాయి. కాళ్ళలో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఆవిడ వాటిని అలా పడి ఉండనివ్వలేదు.

ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. వేసవి నుంచీ మంచం మీదే ఉంది. గుండె బాగా అలిసిపోయిందనీ, ఇంక ఆసుపత్రులు వద్దనీ ఇంటికి తెచ్చేసుకున్నారు. రోజూ ఒక నర్సు వచ్చి చూసి వెళ్ళేది. కాబట్టి ఇది ఊహించని వార్త కాదు. అయినా మ్యూట్ తియ్యకుండా ఆ కిటికీ దగ్గరే ఉండిపోయాను. ఎందుకంటే ఆవిడకి నేనొక మాట చెప్పాలి. జూలై నుంచీ చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేదు.

ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఇంట్లో ఆవిడ బస్సవ్వ. మేం అమెరికాలో ఈ బాతెల్ ఊళ్ళో ఇల్లు కొనుక్కుని దిగిన వారానికే, ఈస్టర్ ముందు, గుండ్రటి తియ్యరొట్టె పట్టుకుని వచ్చి తలుపు కొట్టింది. రొట్టె మధ్యలో ఒక గుడ్డు, పెంకుతో సహా దిగబడి ఉంది. ఆవిడ వెళ్ళాక మా ఆయన దాన్ని వేలితో తట్టి, "పెద్దావిడ కదా, పాపం పెంకు తియ్యడం మర్చిపోయినట్టుంది" అన్నాడు. తర్వాత తెలిసింది, అది వాళ్ళ పోర్చుగీసు పద్ధతి అట. ఆ రోజు గడప దగ్గరే నిలబడి మమ్మల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. "వన్, టూ, త్రీ. ముగ్గురేనా? లోపల ఇంకెవరూ లేరుగా?" ఇదేం మనిషిరా బాబూ, జనాభా లెక్కలకి వచ్చిందా అనుకున్నాను నేను.

ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపిందట. ఆ అలవాటు పోలేదు. మా ఇంటికి భోజనానికి వస్తే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని లెక్కపెట్టాకే స్పూన్ పట్టుకునేది. ఆ మరుసటేడు మా అమ్మ చిత్తూరు నుంచి ఆరు నెలలకని వచ్చింది. పక్కింటి ముసలామె బస్సు డ్రైవరని చెప్పగానే అమ్మ నోరు వెళ్ళబెట్టింది. "ఏమ్మే, అంత బస్సు ఈ యమ్మ తిప్పిందా? మన ఆర్టీసీ బస్సంతది?" అంది. అప్పట్నుంచీ ఆవిడ బస్సవ్వ అయిపోయింది. మా అమ్మాయి అమెరికా యాసలో "బస్ అవ్వా" అని పిలిస్తే ఆవిడ మొహం వెలిగిపోయేది. వాళ్ళ అవ్వని వాళ్ళు ‘వవో’ అనేవాళ్ళట. ఆవిడ నాతో మాట్లాడినదంతా ఇంగ్లీషులోనే. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. ఆ గొంతులో ఉన్న గద్దింపు మాత్రం మీరే ఊహించుకోవాలి.

బస్సు నడిపేవాళ్ళకి ఒక నియమం ఉందట. పిల్లలందరూ దిగిపోయాక, బండి ఆపేసి, లేచి, చివరి సీటు దాకా నడిచి వెళ్ళి చూడాలి. ఎవరైనా నిద్రపోయి ఉంటారేమోనని. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒకరోజు ఆవిడ అలా చూడలేదు. ఒక చిన్నపిల్ల వెనక సీట్లో పడుకుని ఉండిపోయింది. అరగంటకి ఎవరో గుర్తించారు. పిల్లకేం కాలేదు. "ఆ పిల్ల ఏడవలేదు, కిడ్డో. కిటికీకి మొహం ఆనించి కూచుని ఉంది. అదే నాకు ఇప్పటికీ..." అంది. నాకు ఈ సంగతి ఒక్కసారే చెప్పింది. మామూలుగా మాత్రం, "ఎంతమంది ఎక్కారో అంతమంది దిగాలి. చివరి సీటు చూడకుండా నేను బండి దిగను" అంటుండేది. తోటపని దగ్గర్నుంచి క్రిస్మస్ కార్డుల దాకా దేనికైనా ఇదే మాట.

తన వంశం వెతుక్కోవడం మొదలుపెట్టిందీ ఇందుకే. ఆవిడ పుట్టింది కాలిఫోర్నియాలో, పాడిపశువుల మధ్య. వాళ్ళ వవో అజోర్స్ నుంచి వచ్చింది. అట్లాంటిక్ సముద్రం నడిమధ్యలో ఉండే పోర్చుగీసు దీవులు అవి. తల్లి చిన్నప్పుడే పోతే ఈవిడని వవోనే పెంచింది. నవంబరు రెండో తారీకు వాళ్ళకి చనిపోయినవాళ్ళ రోజు. ఆ సాయంత్రం వవో వంటింటి బల్ల మీద కొవ్వొత్తులు వరసగా పెట్టి, ఒక్కొక్కటే వెలిగిస్తూ ఒక్కొక్క పేరు పైకి చెప్పేదట. నాన్న పేరు. అమ్మ పేరు. సముద్రంలో పోయిన తమ్ముడి పేరు. చివరి కొవ్వొత్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమీ అనేది కాదు. వెలిగించి ఊరుకునేది.

ఎనిమిదేళ్ళప్పుడు ఈవిడ అడిగిందట, "వవో, ఇదెవరికి?" అని.

"మా అమ్మని కన్నావిడకి."

"పేరేంటి?"

"పేరు లేదు. తిను, అన్నం చల్లారిపోతోంది."

"పేరు లేని మనిషెలా ఉంటుంది, నువ్వే చెప్పు" అని బస్సవ్వ నన్ను నిలదీసేది, ఆ పేరు నేనే దాచిపెట్టినట్టు. రిటైరయ్యాక పదిహేనేళ్ళు ఆవిడ వెతికింది ఆ ఒక్క పేరే. చచ్చిపోయేలోపు ఒక్క నవంబరైనా ఆ చివరి కొవ్వొత్తిని పేరు చెప్పి వెలిగించాలి. అంతకుమించి ఆవిడకి వేరే కోరికలేం లేవు.

అక్కడ దూరాను నేను. నాకు డేటాతో ఉద్యోగం. ఒక బయోటెక్ కంపెనీలో రోజంతా పట్టికలు చూసి ఎక్కడ తప్పుందో పట్టుకోవడం నా పని. ఇతరుల తప్పులు పట్టుకుని పట్టుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఒకరోజు ఆవిడ భూతద్దం పట్టుకుని కంప్యూటర్ తెరకి ముక్కు ఆనించి కూచుంటే చూడలేక, "ఇలా ఇవ్వండి, నేను చూస్తాను" అన్నాను. అంతే. ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి శనివారం పది గంటలకి నేను లాప్‌టాప్ పట్టుకుని ఆవిడ వంటింట్లో హాజరు.

ఆ దీవుల్లో ప్రతి చర్చిలోనూ పుట్టినవాళ్ళకి, పెళ్ళిళ్ళకి, చావులకి వేర్వేరు పుస్తకాలుండేవి. పాదిరీలు ఈకతో రాసినవి. వాటిని ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఒక పాదిరీ రాత ముత్యాల్లా ఉంటే, ఇంకొకడి రాత కోడి కెలికినట్టుండేది. భాష నాకు రాదు. కానీ నాలుగు నెలలు చూసేసరికి ‘కూతురు’, ‘కొడుకు’, ‘జ్ఞానస్నానం’, ‘ఫలానా వీధి’ అన్న మాటలు ఎక్కడ పడతాయో తెలిసిపోయింది. నేను చూపిస్తే ఆవిడ చదివేది. మధ్యమధ్యలో ఆ కాలం సంగతులు చెప్పేది. మొగుడు పోయిన ఆడది బతికున్నంతకాలం నల్లబట్టలే కట్టేదట. పిల్లలు పొద్దున లేవగానే పెద్దవాళ్ళ చెయ్యి ముద్దుపెట్టుకుని దీవెన అడగాలట, అడక్కపోతే రొట్టె లేదట. పండగ రోజున ఊరందరికీ గొడ్డుమాంసం పులుసులో రొట్టె వేసి పెట్టేవాళ్ళట, వచ్చినవాడు ఎవడని అడక్కుండా. "అడిగితే అది పెట్టడం ఎలా అవుతుంది?" అనేది. అదే మాట మా అమ్మకి చెబితే, "అదే కదమ్మే తిరనాళ్ళంటే" అంది అమ్మ.

అమ్మకీ ఆవిడకీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మహా స్నేహం. ఒక శనివారం ఆవిడ పెద్ద గిన్నెడు బాకలా అనే వెడల్పాటి చిక్కుడు గింజలు నానబెట్టుకుని, ఒక్కొక్కటే రెండు వేళ్ళ మధ్య నొక్కి తోలు తీస్తోంది. అమ్మ చూసి ఆగలేకపోయింది. "ఓసినీ, ఇది మన పితకపప్పే కదమ్మే!" అని కుర్చీ లాక్కుని కూచుంది. చిత్తూరు వాళ్ళకి తెలుసు, అనపగింజలు నానబెట్టి పితికి చేస్తాం. ఇద్దరూ పోటీ పడి పితుకుతున్నారు. పప్పులు ఎగిరి నా కీబోర్డు మీద పడుతున్నాయి. ఆ మధ్యలో బస్సవ్వ తలెత్తకుండా నన్ను అడిగింది.

"మరి నీ సంగతేంటి కిడ్డో? మీ అమ్మకి అమ్మమ్మ పేరేంటి?"

నాకు తెలీదు. అమ్మని అడిగాను.

"మా అమ్మమ్మ పేరా?" అమ్మ చేతులు ఆగాయి. "ముసలవ్వ."

"అది పేరు కాదు కదమ్మా. అసలు పేరు."

"అందరూ ముసలవ్వా అనే కదా పిల్చేది. అంత పెద్దామెని పేరు పెట్టి ఎవరు పిలస్తారు?"

"మరి అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదా?"

"నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగేదానికి ఇప్పుడు ఆమె మాత్రం యాడుంది?" అమ్మ మళ్ళీ పితకడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "తలనొప్పొస్తే నా నుదుటి మీద శొంఠి అరగదీసి పెట్టేది ఆమే. పేరు తెలీకుండానే పెట్టించుకున్న్యా" అంది.

నేను ఇదంతా ఇంగ్లీషులో చెప్పాను. బస్సవ్వ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "నాకైతే చర్చి పుస్తకాలున్నాయి. పాపం, మీకేమున్నాయి?" అంది. నాకు చాలా సిగ్గేసింది. ఆవిడ పేరు ఎలాగైనా పట్టుకుని తీరాలన్న పట్టుదల నాకు పెరిగింది ఆ రోజే. మాది పోతే పోయింది, ఈవిడదైనా దొరకాలని.

ఇంక నా ఘనకార్యం చెప్తాను.

వవో పుట్టిన ఊరి పుస్తకంలో వవో పేజీ మాకు దొరికింది. తల్లి పేరు స్పష్టంగా ఉంది, మరియా ద జెజూస్. దాని కింద అమ్మమ్మా తాతల పేర్లుండాలి. సరిగ్గా అక్కడే పేజీ పురుగు తినేసింది. కన్నం. ఆ కన్నాన్ని మేమిద్దరం ఎన్ని శనివారాలు చూశామో చెప్పలేను. భూతద్దం పెట్టి చూస్తే కన్నం ఇంకా పెద్దదయ్యేది, అంతే.

నేనేం చేశాను? నేను తెలుగుదాన్ని కదా. మనకి మనిషంటే ముందు ఇంటిపేరు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీ కన్నా ముందు ఇంటిపేరు అడుగుతారు. ‘ద జెజూస్’ అని కనబడగానే నా బుర్ర అది వాళ్ళ ఇంటిపేరని తేల్చేసింది. తేల్చినట్టు నాకు తెలీను కూడా తెలీలేదు, అంత సహజంగా జరిగిపోయింది. ఆ ఊళ్ళో ‘ద జెజూస్’ వాళ్ళందర్నీ ఏరి ఎక్సెల్ షీట్‌లో పెట్టాను. వయసు సరిపోయే మరియా ఒకతి దొరికింది. ఆమె తల్లి రోజా ద జెజూస్. తండ్రి చెప్పులు కుట్టేవాడు. వవో వాళ్ళమ్మ చెప్పులు భలే బాగుచేసేదని బస్సవ్వ ఎప్పుడో అన్నది కూడా నాకు గుర్తుంది. ఇంకేం కావాలి?

"దొరికింది" అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. తర్వాత లోపల్నుంచి వవో ప్రార్థనల పుస్తకం తెచ్చింది. దాని చివరి పేజీలో ఇంట్లో అందరి పేర్లూ రాసి ఉంటాయి. ముందు కూరగాయల సంచి కాగితం మీద నాలుగుసార్లు రాసి చూసుకుని, అప్పుడు పుస్తకంలో అందరికన్నా పైన సిరాతో రాసింది, రోజా ద జెజూస్ అని. రాసి, వేలితో కింది దాకా లెక్కపెట్టింది. "అందరూ వచ్చారు" అంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నేనూ ఏడ్చాను. మా ఇద్దర్నీ చూసి మా అమ్మాయి భయపడింది.

పోయినేడు నవంబరులో మమ్మల్ని పిలిచి కొవ్వొత్తులు వెలిగించింది. చివరి దాని దగ్గర గొంతు పెంచి, "రోజా" అంది. నావైపు చూసి కన్ను కొట్టింది. నేను ఆకాశంలో ఉన్నాను.

ఈ జూలైలో, అప్పటికే ఆవిడ మంచాన పడింది. ఆ దీవుల వంశాలు వెతికేవాళ్ళందరూ రాసుకునే ఒక ఇంటర్నెట్ చోటు ఉంది. మా కథ అక్కడ గొప్పగా రాశాను. గొప్ప చెప్పుకోవాలనే రాశాను, దాపరికం ఎందుకు? రెండు రోజులకి ఆ దీవుల పెద్దాయనెవరో చాలా మర్యాదగా జవాబిచ్చాడు. అమ్మా, ఆ కాలంలో మా ఆడపిల్లలకి ఇంటిపేరు ఉండేది కాదు, జ్ఞానస్నానంలో పేరు పెట్టి దాని పక్కన ఒక దైవం పేరు తగిలించేవాళ్ళు, జెజూస్ అంటే యేసే, ఒకే ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళకి మూడు రకాలుగా ఉండేవి, ఊరికి సగంమంది ద జెజూస్‌లే, అన్నాడు. మరియా పెళ్ళి పక్క ఊరి చర్చిలో జరిగి ఉండొచ్చు, ఆ పుస్తకం చూశారా అని అడిగాడు.

చూడలేదు. రోజా దొరికాక ఇంక ఎందుకు చూస్తాను?

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి చూశాను. పక్క ఊరి పెళ్ళి పుస్తకంలో మరియా ఉంది, వవో తండ్రితోనే పెళ్ళి. తల్లిదండ్రుల పేర్లుండాల్సిన చోట, ‘పట్టణపు చక్రంలో దొరికిన బిడ్డ, తల్లిదండ్రులు తెలియరు’ అని రాసి ఉంది. అనువాదం తప్పేమోనని మూడు రకాలుగా చూశాను. తప్పు కాదు.

ఆ చక్రం సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో పట్టణంలో ఒక ఇంటి గోడలో, నిలబెట్టిన, గుండ్రంగా తిరిగే చెక్క పీపా లాంటిది అమర్చి ఉండేదట, ఒకవైపు తెరిచి. బిడ్డని పెంచలేని తల్లి వీధి వైపు నుంచి అందులో పడుకోబెట్టి, తిప్పి, గంట కొట్టి వెళ్ళిపోయేది. లోపల ఉన్నావిడ బిడ్డని తీసుకునేది. లోపలివాళ్ళకి బయటి మనిషి మొహం కనబడకూడదు, పేరు అడగకూడదు. అందుకే ఆ ఏర్పాటు. తర్వాత ఆ బిడ్డని ఏదో ఊళ్ళో పాలిచ్చే ఆడదానికి అప్పగించేవాళ్ళు.

ఆ చక్రానికీ ఒక పుస్తకం ఉంది. ఆ పెద్దాయనే వెతికి పంపాడు. మరియా వచ్చిన రోజు అందులో నాలుగు వరసలు. రెండు మూడు రోజుల ఆడబిడ్డ. పాత పెద్ద చొక్కాలో చుట్టి ఉంది. కుడి చేతికి ఎర్ర రిబ్బను ముక్క, సగానికి కత్తిరించినది. ఎప్పటికైనా వచ్చి బిడ్డని తీసుకెళ్ళాలనుకున్న తల్లులు అలా సగం కట్టి సగం తమ దగ్గర ఉంచుకునేవాళ్ళట. రెండో సగం తెచ్చి చూపిస్తే బిడ్డని ఇచ్చేస్తారు.

పెళ్ళి నాటికి కూడా ‘తల్లిదండ్రులు తెలియరు’ అనే ఉంది. అంటే ఆ రెండో సగం రాలేదు. "పేరు లేదు" అన్న వవో నిజమే చెప్పింది. "మా అమ్మమ్మకి" అనకుండా "మా అమ్మని కన్నావిడకి" అనడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పేజీ ప్రింటు తీసి, మడిచి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఆవిడ పదిహేనేళ్ళు వెతికింది ఈ పేజీ కోసం. ఇందులో పేరు లేదు, నిజమే. కానీ చొక్కా ఉంది, రిబ్బను ఉంది, తిరిగి రావాలన్న ఒక తల్లి కోరిక ఉంది. ఇది ఆవిడ సొత్తు. నా దగ్గర ఉండకూడదు.

మా ఆయన వద్దన్నాడు. "ఆవిడ ప్రశాంతంగా ఉంది. నీ గిల్ట్ దించుకోడానికి తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెడతావా?" అన్నాడు. ఫోన్‌లో అమ్మ ఇంకోలా అంది. "చెప్పేయమ్మే. ఆ యమ్మ బస్సు తిప్పిన మనిషి, తట్టుకుంటాది. నువ్వే తట్టుకోలేవు." ఇద్దరూ కరెక్టే అనిపించింది. అదే నా ఖర్మ.

మొదటిసారి వెళ్ళినప్పుడు నర్సు దిండు సర్దుతోంది. బస్సవ్వ నన్ను చూసి, "రా, రా. ఒకటి, రెండు. ముగ్గురం" అంది. తర్వాత, "నా కళ్ళు పనిచెయ్యట్లేదు. ఆ రోజా పేజీ ఒకసారి చదివి పెట్టు" అంది. బ్యాగ్‌లోని కాగితం బయటికి తియ్యలేదు. ఫోన్ తీసి, రోజా పేజీ తెరిచి, వచ్చీరాని ఉచ్చారణతో మొదటినుంచి చివరిదాకా చదివాను. తప్పని తెలిసీ చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ విన్నది.

రెండోసారి ఆవిడ కూతురు ఉంది. నన్ను చూపించి కూతురితో, "నా చివరి సీట్లో పాపని వెతికిపెట్టింది ఈ పిల్లే" అంది. కూతురు లేచి నన్ను కౌగిలించుకుంది. ఆ మనిషి భుజం మీద గడ్డం ఆనించి నిలబడి, భూమి విచ్చుకుంటే బాగుండునని నేను కోరుకున్నాను. అది విచ్చుకోదు కదా.

మూడోసారి సెప్టెంబరు చివర్లో. ఇద్దరమే ఉన్నాం. ఇవాళ చెప్పేస్తానని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. కాగితం చేతిలో ఉంది. "మీకొకటి చూపించాలి" అని నోరు తెరిచాను కూడా. ఆవిడ నా మాట వినలేదు. కిటికీ వైపు చూస్తూ, "కిడ్డో, రోజా ఆ పిల్లని బాగానే పెంచి ఉంటుందంటావా?" అని అడిగింది.

"బాగా పెంచింది" అన్నాను.

"నాకూ అలాగే అనిపిస్తుంది" అని నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. ఆ చెయ్యి విడిపించుకోవడానికి నాకు గంట పట్టింది. అదే ఆఖరు.

ఆవిడ కోరుకున్నట్టే నవంబరు రెండున, సాయంత్రం, ఆ వంటింట్లోనే జ్ఞాపకార్థం కలిశాం. పాతికమంది దాకా వచ్చారు. ఆవిడ బస్సెక్కి చదువుకున్నవాళ్ళే సగం, జుట్టు నెరిసినవాళ్ళు కూడా. బల్ల మీద తొమ్మిది కొవ్వొత్తులు. కూతురు ప్రార్థనల పుస్తకం చివరి పేజీ తెరిచి ఒక్కో పేరూ చదువుతూ వెలిగించింది. ఎనిమిదోది వాళ్ళమ్మకి. తర్వాత అగ్గిపెట్టె నా చేతికిచ్చి అందరితో అంది, "చివరి పేరు ఈమె చెప్పాలని అమ్మ కోరిక. కనిపెట్టింది ఈమే."

ఆవిడ కూతురికి తెలుగు రాదు. అందుకే ఇదంతా మీకు రాయగలుగుతున్నాను. ఆమెకి ఎప్పుడు చెప్తానో, అసలు చెప్తానో లేదో నాకు తెలీదు. మీరేమైనా అనుకోండి.

అగ్గిపుల్ల గీశాను. పాతికమంది నన్నే చూస్తున్నారు. పుస్తకంలో పైన బస్సవ్వ సిరాతో రాసిన రోజా కనబడుతోంది. నా భుజానికి వేలాడుతున్న బ్యాగ్‌లో ఆ కాగితం ఉంది. రెండక్షరాల పేరు, అనేస్తే అయిపోయేది. ఒకసారి పడక పక్కన అన్నాను కదా, ఇప్పుడు అంటే ఏమైంది? నోరు తెరిచాను. పుల్ల వేళ్ళ దాకా కాలింది. చురుక్కుమంటే గబుక్కున కొవ్వొత్తి వెలిగించాను.

పేరు చెప్పలేదు.

ఎవరో ముక్కు చీదుకున్నారు. కూతురు నా వీపు నిమిరి, "పర్లేదు, పర్లేదు, అమ్మకి తెలుసు" అంది. దుఃఖంతో నాకు మాట రాలేదని అందరూ అనుకున్నారు. అదీ ఉంది, కాదనను. కాసేపటికి ఒక్కొక్కరే రొట్టె ముక్కలు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. నేను బల్ల దగ్గరే ఉండిపోయి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టాను. తొమ్మిదీ ఉన్నాయి. బస్సవ్వ కొవ్వొత్తి పక్కన, వరసకి చివర్న, వవో వెలిగించినట్టే పేరు లేకుండా ఆ ఒక్కటి వెలుగుతోంది.